గోళ్ళు తీయించేస్తే ఇంట్లో గొడవ తీరుతుందా?

పేరు వేయవద్దని కోరుతూ రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

రెండేళ్ళ కిందట వానాకాలంలో, వీధి చివర మురుగుకాలవ పక్కన తడిసి ముద్దయిపోయి అరుస్తున్న పిల్లికూనను ఆమె ఇంటికి తెచ్చుకున్నారు. నుదుటి మీద నల్లమచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టారు. మొదట్లో "ఇంట్లో పిల్లేమిటమ్మా" అన్న అత్తగారే, కొన్నాళ్ళకు చేప తలకాయ పక్కన తీసిపెట్టి "మీ చుక్క ఏదీ" అని పిలిచేదాకా వచ్చారు. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, మొన్న సంక్రాంతి తర్వాత బావగారికి హైదరాబాద్ నుంచి బదిలీ అయింది. బావగారు, తోడికోడలు, ఆరేళ్ళ బాబు కింది వాటాలో చేరారు. వాళ్ళతో బ్రూనో అనే పగ్ కుక్క కూడా వచ్చింది. మేడ మీద రెండు గదులు ఈమెవి. వంటిల్లు, హాలు మాత్రం కిందే, అందరికీ ఒకటే.

వచ్చిన నెలలోనే బావగారు కొన్న 60 వేల సోఫా మూలను చుక్క పీచుపీచు చేసింది. తర్వాత ఒకరోజు వంటింట్లో గ్యాస్ సిలిండర్‌కూ ఫ్రిజ్‌కూ మధ్య సందులో ఉన్న చుక్క దగ్గరికి బ్రూనో ఆడుకుందామని మొహం పెట్టింది. చుక్క పంజా విసిరింది. బ్రూనో కంటిలో గాయమైంది. రెండు వారాలు చుక్కల మందు, మెడకు ప్లాస్టిక్ పట్టీ. కన్ను దక్కింది కానీ నల్లగుడ్డు మీద చిన్న తెల్ల మచ్చ మిగిలింది. మూడో సంఘటన మూడు వారాల కిందటిది. బ్రూనో తరుముతుంటే చుక్కను ఎత్తుకోబోయిన అత్తగారి ముంజేతి మీద గోరు గీసుకుపోయింది. అత్తగారికి షుగర్ ఉంది. పుండు మానడానికి చాలా రోజులు పట్టింది.

ఇప్పుడు బావగారు "గోళ్ళయినా తీయించండి, పిల్లినయినా పంపించేయండి" అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న ఆయన స్నేహితుడు తన పిల్లికి అలాగే చేయించాడట, అమెరికాలో అది మామూలేనట. ఊళ్ళో ఒక డాక్టరు ముందుకాళ్ళు రెండింటికీ 8 వేలకు చేస్తానన్నారు. భర్త "అన్నయ్యతో నేను వాదించలేను, నీ ఇష్టం" అని తప్పుకున్నారు. చుక్క పగలంతా మేడ మీద బీరువా పైనే ఉంటోంది, రాత్రి అందరూ పడుకున్నాకే దిగుతోంది. ఉత్తరం చివర ఆమె ఇలా అడిగారు: "ఒక్కసారి గోళ్ళు తీయించేస్తే అందరికీ మనశ్శాంతి కదా అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. నేను మొండిగా ఉన్నానా?"

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి ఒకటి ఉంది. చుక్కకు ఇంతవరకూ రేబిస్ టీకా వేయించలేదని, అత్తయ్యగారి గీతకు పసుపు రాసి ఊరుకున్నారని రాశారు. కరిచిన లేదా గీరిన పిల్లి ఆ తర్వాత 10 రోజుల పాటు ఆరోగ్యంగా ఉంటే, ఆ గాయం వల్ల రేబిస్ సోకే భయం లేదని వైద్యులు లెక్కవేస్తారు. మూడు వారాలు దాటినా చుక్క బాగానే తిరుగుతోంది కాబట్టి టెన్షన్ పడకండి. అయినా అత్తయ్యగారు షుగర్ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఈ విషయం డాక్టరుగారి చెవిన వేయండి. ఇకమీదట ఎవరికి గీత పడినా ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. 10 రోజులు ఆగి చూద్దామని కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రిలో ఆ టీకా ఉచితం. చుక్కకు టీకా ఈ వారమే వేయించండి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ వేయిస్తూ ఉండండి. అదే చేత్తో ఫ్లీలు (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు) పోయే మందు కూడా అడగండి. గీతల వల్ల వచ్చే జ్వరం ఒకటి ఉంది, దాని క్రిమి పిల్లికి ఈ ఫ్లీల ద్వారానే అంటుతుంది. పిల్లికి ఆపరేషన్ అయిందో లేదో మీరు రాయలేదు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాకపోతే అదీ చేయించండి. చేయించవలసిన ఆపరేషన్ అది.

ఇక గోళ్ళు తీయించడం. మీ ఇంట్లో అందరూ దీన్ని గోళ్ళు కత్తిరించడం లాంటిదే, కాస్త గట్టిగా చేస్తారు, అంతే అనుకుంటున్నారని మీ ఉత్తరం చదివితే అనిపించింది. మీ చెయ్యి ఒకసారి ముందుకు చాపి చూసుకోండి. వేలి చివర గోరు ఉన్న కణుపు ఉంది కదా. పది వేళ్ళకూ ఆ చివరి కణుపు దాకా కోసేస్తే ఎలా ఉంటుందో, పిల్లికి చేసేది అదే. పిల్లి గోరు వేలి చివరి ఎముకను అంటుకుని అక్కడి నుంచే పెరుగుతుంది. ఆ ఎముక ఉన్నంతకాలం గోరు వస్తూనే ఉంటుంది. అందుకే మళ్ళీ రాకుండా చేయాలంటే ఎముకనే తీసేయాలి. ఒక్కో ముందుకాలికి అయిదు వేళ్ళు. రెండు కాళ్ళకు 8 వేల రూపాయలంటే, తీసేది పది ఎముకలు. కత్తితో చేసినా లేజర్‌తో చేసినా తీసేది ఆ ఎముకనే.

పైగా పిల్లి మనలా పాదమంతా ఆనించి నడవదు. మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆ మునివేళ్ళే పోతే బరువంతా వెనక్కి వాలుతుంది, నడక మారుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నడుము నొప్పి, కీళ్ళ నొప్పి రావచ్చు. ఎముక ముక్క చిన్నది లోపల మిగిలిపోతే అక్కడి నుంచి వంకర గోరు లోలోపలే పెరిగి చీము పట్టిన సందర్భాలున్నాయి. ఇవన్నీ పిల్లి పడే బాధలు. బావగారికి పిల్లి బాధ అంతగా పట్టకపోవచ్చు, ఆయన్ని నేను తప్పు పట్టడం లేదు, ఆయన కళ్ళముందు ఆయన కుక్క కన్ను చెడింది. కానీ ఇంటికి వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. అవి ఆయనకు తెలియాలి.

మొదటిది, ఆపరేషన్ అయిన పిల్లికి తొట్టిలోని ఇసుక తవ్వితే కాళ్ళు నొప్పి పుట్టవచ్చు. అలా పుడితే ఆ తొట్టి అంటేనే నొప్పి అని గుర్తు పెట్టుకుంటుంది. అప్పుడు మెత్తగా ఉన్నచోట వెతుక్కుంటుంది. పరుపు, ఉతికి మడతపెట్టిన బట్టలు, ఆ 60 వేల సోఫా. ఒకసారి పట్టిన ఈ అలవాటును మాన్పించడం గోకుడు మాన్పించడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

రెండోది ఇంకా ముఖ్యం. గోళ్ళున్న పిల్లి భయపడితే ముందు పంజా విసిరి హెచ్చరిస్తుంది. గోళ్ళు లేని పిల్లికి ఆ హెచ్చరిక చేతిలో లేదు. నేరుగా కరిచే అవకాశం ఉంది. పిల్లి పళ్ళు సూదుల్లా సన్నగా, లోతుగా దిగుతాయి. పైన చూస్తే చిన్న చుక్కే, లోపల మాత్రం క్రిములు కండ దాకా వెళ్ళిపోయి ఉంటాయి. షుగర్ ఉన్న మనిషి చేతికి గీత మంచిదా, కాటు మంచిదా అని అడిగితే ఏ డాక్టరైనా గీతే నయమంటారు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్ళ ఇళ్ళలో సైతం పిల్లికి ఈ ఆపరేషన్ చేయించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సిఫారసు చేయలేదు. అత్తయ్యగారి చెయ్యి కోసమే ఈ ఆపరేషన్ అనుకుంటే, ఆ చేతికే ఎక్కువ ముప్పు తెచ్చినట్టవుతుంది.

అమెరికాలో మామూలే అన్నమాట ఒకప్పుడు నిజమే. ఇప్పుడు అక్కడే మారుతోంది. న్యూయార్క్ రాష్ట్రం 2019లో దీన్ని నిషేధించింది, మేరీల్యాండ్ 2022లో. ఇజ్రాయెల్‌లో 2011 నుంచి నిషేధం ఉంది. బ్రిటన్‌లో వైద్య కారణం లేకుండా చేయకూడదు. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ జంతువును అంగవిహీనం చేయడాన్ని నేరమంటుంది. పిల్లి గోళ్ళని పేరు పెట్టి అందులో రాయలేదు, మొదటి తప్పుకు జరిమానా కూడా 10 నుంచి 50 రూపాయలే. కాబట్టి ఇంట్లో చట్టం మాట ఎత్తి బావగారిని బెదిరించినట్టు మాట్లాడకండి. దానివల్ల పని జరగదు, మనసులు విరుగుతాయి. 8 వేలకు చేస్తానన్న డాక్టరు దగ్గరికి బావగారినే వెంటబెట్టుకుని వెళ్ళండి. "ఎన్ని ఎముకలు తీస్తారు, నొప్పి ఎన్నాళ్ళుంటుంది, తర్వాత తొట్టి వాడకపోతే ఏం చేయాలి" అని ఆయన ఎదుటే అడగండి. ఆ జవాబులు మీ నోటి నుంచి కన్నా డాక్టరు నోటి నుంచి వినడమే మంచిది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట దగ్గరికి వస్తాను. సిలిండర్‌కూ ఫ్రిజ్‌కూ మధ్య సందు. ఆ సందుకు వెనక గోడ. చుక్కకు ముందు బ్రూనో మొహం. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులై తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజు బ్రూనో కొట్టడానికి రాలేదు, ఆడుకోవడానికే వచ్చింది. తోక ఊపుతూనే వచ్చి ఉంటుంది. కుక్క తోక ఊపితే చాలాసార్లు స్నేహం. పిల్లి తోక అటూ ఇటూ విసురుతోందంటే చిరాకు, దగ్గరికి రావద్దని చెప్పడం. ఇద్దరి భాషా వేరు. చెవులు వెనక్కి తల మీదికి అణిగిపోయి, కంటి పాపలు పెద్దవై, వీపు గోడకు ఆనుకుపోయిన పిల్లి ముందు రెండే దారులుంటాయి. పారిపోవడం, లేదా కొట్టడం. ఆ సందులో మొదటి దారి లేదు. అత్తయ్యగారి చేతి మీద గీత పడింది కూడా ఇలాంటప్పుడే. కుక్క తరుముతుండగా గాల్లోకి ఎత్తితే పిల్లి పట్టు కోసం ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. గమనించారా, సంక్రాంతికి ముందు రెండేళ్ళలో చుక్క ఎవరినైనా గీరిందని మీరు ఒక్క మాటైనా రాయలేదు. ఆ రెండేళ్ళూ గోళ్ళు ఉన్నాయి. లేనిది బ్రూనో. అలాగని బ్రూనో తప్పూ కాదు. రెండు జంతువులను ఒకరోజు పొద్దున ఒకే హాల్లో వదిలేశారు, వాటిని పరిచయం చేసినవాళ్ళు లేరు.

అందువల్ల నా దృష్టిలో చేయవలసిన పని రెండు వైపుల నుంచి ఉంది. గోటి మొన పదును తగ్గించడం. ఆ గోరు వాడవలసిన అవసరం రాకుండా ఇల్లు సర్దడం. మొదటిది వారంలో అవుతుంది, రెండోదానికి నెల, రెండు నెలలు పడుతుంది.

గోళ్ళు కత్తిరించడం ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మధ్యాహ్నం కడుపునిండా తిని, మత్తుగా కళ్ళు మూస్తున్న సమయం చూసుకోండి. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని, దాని వీపు మీ పొట్టకు ఆనేలా ఒళ్ళో పెట్టుకోండి. ముందుకాలి ఒక్క వేలిని మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, పైనుంచీ కింద మెత్త నుంచీ నెమ్మదిగా నొక్కితే, లోపల దాక్కున్న గోరు బయటికి జారుతుంది. వెలుగుకు ఎదురుగా చూడండి. మొదట్లో గులాబీ రంగు కనిపిస్తుంది, అది ప్రాణం ఉన్న భాగం, నరం, రక్తనాళం ఉంటాయి. దాని తర్వాత గాజుముక్కలా తెల్లగా, కొక్కెంలా వంగిన కొస ఉంటుంది. ఆ కొక్కెం వరకే కత్తిరించాలి. గులాబీ రంగుకు బియ్యపుగింజ మందం దూరం వదిలేయండి. గోరు నల్లగా ఉండి ఏమీ కనబడకపోతే, వంపు తిరిగిన చివరి మొన మాత్రం తుంచండి, చాలు.

పెంపుడు జంతువుల దుకాణంలో కత్తెరలాంటి చిన్న సాధనం దొరుకుతుంది. మన నెయిల్ కట్టర్‌తో చేయాల్సి వస్తే దాన్ని అడ్డంగా తిప్పి, గోటి పైభాగం, కిందిభాగం కలిసేలా కత్తిరించండి. పక్కల నుంచి నొక్కితే గోరు చీలిపోతుంది. బొటనవేలిలా పక్కకు ఉండే అయిదో గోరు నేలకు తగలదు, అరగదు, దాన్ని మరిచిపోకండి. వెనక కాళ్ళ గోళ్ళకు అంత తొందర లేదు. ముందుకాళ్ళకు రెండు వారాలకోసారి చేస్తే మొన పదును తేలదు.

మొదటిరోజే పదీ చేసేద్దామనుకోకండి. నేను అలా చేసి చెడగొట్టుకున్నాను. మా పిల్లికి మొదటిసారి కత్తిరించినప్పుడు నాలుగు గోళ్ళు సాఫీగా అయ్యేసరికి ధైర్యం వచ్చి, అది కాలు లాక్కుంటున్నా వదలకుండా అయిదోది కత్తిరించాను. గులాబీ భాగం తెగింది. చిన్న రక్తపు బొట్టే, చిటికెడు మొక్కజొన్న పిండి అద్ది దూదితో నొక్కిపెడితే రెండు నిమిషాల్లో ఆగింది. కానీ ఆ తర్వాత మూడు నెలలు నా చేతిలో కట్టర్ కనిపిస్తే మంచం కిందికి దూరేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, రోజుకు రెండు గోళ్ళు. ఒక్కో గోరుకు ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్క ఒకటి. విదిలించుకుంటే ఆపేయండి. మెడ పట్టుకుని లేపడం, తువ్వాలులో బిగించి నొక్కిపట్టడం వద్దు. మీకు చేతకాకపోతే పశువైద్యశాలలో ఒకసారి చూపించుకోండి, ఎలా పట్టాలో చేసి చూపిస్తారు. మొన తీసిన గోరు తగిలినా బ్రూనో కంటికి అసలు దెబ్బే తగలదని నేను చెప్పను. తీవ్రత తగ్గుతుంది. కన్ను కాపాడేది దూరమే.

సోఫా సంగతి దీనికన్నా సులువు. పిల్లి గోకేది కోపంతో కాదు. గోటి మీది పాత పొర ఊడిపోవడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి, పాదాల మెత్తల్లో ఉండే వాసన అక్కడ అంటించి ఇది నా చోటు అని చెప్పుకోవడానికి గోకుతుంది. కొత్త కుక్క వచ్చిన ఇంట్లో ఆ చెప్పుకోవడం ఎక్కువవడం సహజం. గోకవద్దంటే వినదు, ఎక్కడ గోకాలో చూపిస్తే వింటుంది. మన ఊళ్ళలో నులకమంచం కోడు పట్టుకుని నిలువునా సాగి గోకని పిల్లి ఉండేదా? దానికి కావలసింది అదే. మూడడుగుల ఎత్తు ఉండే దుంగ గానీ మందపాటి పీవీసీ గొట్టం గానీ తీసుకోండి. కింద బరువైన చెక్కపలకకు కదలకుండా బిగించండి. అది ఊగితే ఒక్కసారి గోకి మళ్ళీ దాని మొహం చూడదు. చుట్టూ కొబ్బరి పీచు తాడు దగ్గరదగ్గరగా చుట్టించండి. కోనసీమ మీకు పక్కనే, తాడుకు కొదవేముంది. దాన్ని ఇంట్లో ఏదో మూల పెట్టకండి. పాడైన సోఫా మూలకు ఎదురుగానే పెట్టండి. ఆ మూలకు రెండువైపులా అంటుకునే టేపు వేయండి, జిగురు తగిలితే పిల్లికి చిరాకు. కొన్ని వారాలకు దుంగ అలవాటయ్యాక, రోజుకు జానెడు చొప్పున మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. మేడ మీద అది పడుకునే బీరువా దగ్గర ఇంకొకటి పెట్టండి. నిద్ర లేవగానే గోకడం పిల్లి అలవాటు.

ఇంకో మాట. మీ పెరట్లోనో ఖాళీ స్థలంలోనో కుప్పింటాకు మొక్క ఉంటుంది, కొందరు మురిపిండాకు అంటారు. వాన పడ్డాక ఎక్కడపడితే అక్కడ లేస్తుంది. దాన్ని వేరుతో పీకి, ఆ పచ్చి వేరును తాడు మీద రుద్ది చూడండి. చాలా పిల్లులు ఆ వాసనకు వచ్చి మొహం రాసుకుని దొర్లుతాయి. వాసన కోసమే, తినిపించవద్దు. రుద్దాక వేరు పారేయండి. సోఫా గోకుతుంటే అరవడం, నీళ్ళు చల్లడం మాత్రం మానిపించండి. మనుషులు చూస్తే ప్రమాదం అని తప్ప అది ఇంకేమీ నేర్చుకోదు.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కావలసింది బ్రూనో, చుక్కల మధ్య. వాటిని మళ్ళీ కొత్తగా పరిచయం చేయాలి. ఒక వారం, పది రోజులు చుక్క మేడ మీదే ఉండనివ్వండి. తిండి, నీళ్ళు, ఇసుక తొట్టి అన్నీ అక్కడే. రోజూ ఒక పాత గుడ్డతో చుక్క బుగ్గలు తుడిచి ఆ గుడ్డను బ్రూనో పడుకునే చోట, బ్రూనోను తుడిచింది చుక్క గదిలో పెట్టండి. తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ రెండింటికీ ఒకేసారి తిండి పెట్టండి, ముందు దూరంగా, రోజురోజుకీ తలుపుకు దగ్గరగా. రెండూ కంగారు లేకుండా తింటున్నాయంటే తలుపు బెత్తెడు తెరవండి. ఆ తర్వాతే ఒకే గదిలోకి, అదీ బ్రూనోకు తాడు కట్టి, ఎవరో ఒకరు పట్టుకుని. అయిదు నిమిషాలు చాలు. చుక్క తోక విసరడం మొదలైతే అక్కడితో ఆపాలి. ఈ పనిలో బాబును కలుపుకోండి. బ్రూనో తాడు పట్టుకునే ఉద్యోగం వాడికి ఇచ్చి, పెద్దవాళ్ళు పక్కన ఉండండి. తోక లాగకూడదు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు అన్న రెండు నియమాలు వాడే అందరికీ చెబుతాడు చూడండి.

ఇంట్లో చుక్కకు ప్రతి గదిలోనూ పైకి ఎక్కే దారి ఒకటి ఉండాలి. హాల్లో అల్మరా పైభాగం ఖాళీ చేయించండి, వంటింట్లో సజ్జా మీదికి చేరడానికి మధ్యలో ఒక పలక కొట్టించండి. ఆ సిలిండర్ సందును రేపే మూసేయండి, అట్టపెట్టె అడ్డం పెట్టినా సరే. మేడమెట్ల దగ్గర చిన్న గేటు పెట్టి, కింద పిల్లి దూరి పగ్ దూరలేనంత సందు వదలండి. పగ్ ఛాతీ వెడల్పు కాబట్టి మీకిది తేలిక. పగ్ కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి, ఆ జాతికి కంటి దెబ్బలు సులువుగా తగులుతాయి. ఇక ఎప్పుడైనా బ్రూనో కన్ను సగం మూసినా, నీరు కారినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. పోయినసారి మిగిలిన చుక్కల మందు వేయొద్దని తోడికోడలికి చెప్పండి. కొన్ని కంటి మందుల్లో స్టెరాయిడ్ ఉంటుంది, నల్లగుడ్డు మీద పచ్చిగాయం ఉన్నప్పుడు అది వేస్తే పుండు ముదురుతుంది.

అంతవరకూ బావగారు ఆగరేమో అని మీ భయం. నెల రోజులకు ఒక తాత్కాలిక మార్గం ఉంది. గోళ్ళకు తొడిగే ప్లాస్టిక్ తొడుగులు, జిగురుతో అంటిస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి. మొదటిసారి డాక్టరు దగ్గరే వేయించాలి. వీటికీ చిక్కులున్నాయి. కొన్ని పిల్లులు కొరికి పీకేసుకుంటాయి, గోరు లోపలికి పూర్తిగా ముడుచుకోదు, ఆ తొడుగులతో గోడలెక్కి బయట తిరగనివ్వకూడదు. నేనైతే మామూలుగా వీటిని సూచించను. కానీ మీ ఇంట్లో ఇవాళ కావలసింది నమ్మకం. "నెల రోజులు గోళ్ళ మీద తొడుగులుంటాయి బావగారూ, ఈలోగా వీటిని కలుపుతాం" అంటే ఆయన ఊపిరి పీల్చుకోవచ్చు.

చుక్కను పంపించేయడం గురించి కూడా దాచకుండా మాట్లాడదాం. రెండు నెలలు ఇవన్నీ చేసినా అది బీరువా దిగకపోతే, తిండి తగ్గిపోతే, ఆ ఇల్లు దానికి ఇల్లు కాలేదని అర్థం. అప్పుడు మీ పుట్టింటికో, కుక్కలేని తెలిసినవాళ్ళ ఇంటికో పంపడం ద్రోహం కాదు. మీకు గుండె బరువెక్కుతుంది, చుక్కకు మాత్రం వేళ్ళుంటాయి, తిరగడానికి చోటుంటుంది. వీధిలో వదిలేయడం వేరు, అది చేయకండి. మేడ మీద రెండు గదుల్లోనే చుక్కను శాశ్వతంగా ఉంచి, కిందికి రాకుండా చూసుకోవడం ఇంకో దారి. కిటికీ, ఎక్కడానికి పలకలు, రోజూ పావుగంట ఆట ఉంటే చాలా పిల్లులు దానితో సర్దుకుంటాయి. కాకపోతే తలుపులు వేసుకునే బాధ్యత ఇంటిల్లిపాదిదీ అవుతుంది, అత్తయ్యగారికి చుక్క దూరమవుతుంది. ఆవిడ దాన్ని ఎత్తుకోబోయింది కాపాడటానికే కదా. ఆవిడ మీరనుకునేదానికన్నా మీ పక్షాన ఉన్నారని నాకనిపిస్తోంది.

బావగారితో మాట్లాడేటప్పుడు ముందు బ్రూనో కన్ను గురించి అడగండి. మీ ఉత్తరంలో చుక్క గురించి మూడు పేజీలున్నాయి, బ్రూనో గురించి ఆరు వాక్యాలే. ఆయన ఉత్తరం రాస్తే లెక్క తిరగబడి ఉండేది. ఆ కంటి వైద్యం ఖర్చులో సగం మీరిస్తామనండి, తీసుకోకపోయినా ఆ మాట మిగులుతుంది. మీవారిని వాదించమని అడగకండి, ఆయన వల్ల కాదని చెప్పేశారు. ఆదివారం ఒక గంట తాడు చుట్టడానికి, గేటు బిగించడానికి రమ్మనండి. అన్నదమ్ములిద్దరూ కలిసి ఆ దుంగకు తాడు చుడితే ఇంకా మంచిది.

మీరు మొండిగా లేరమ్మా. మీకు చెప్పని సంగతి ఏదో అందులో ఉందని మీ మనసు పసిగట్టింది. ఈ ఆదివారం మధ్యాహ్నం చుక్క తిని పడుకున్నాక రెండు గోళ్ళతో మొదలుపెట్టండి. నెల తర్వాత అది బీరువా మీద ఉందో కిందికి వచ్చిందో రాయండి, బ్రూనో కంటి మచ్చ ఎలా ఉందో కూడా.